స్లయిడ్ ఫిల్మ్ హోల్డర్ డిజైన్: ఒక అంచు షార్ప్, ఇంకో అంచు బ్లర్. స్లాట్ టైట్ చేస్తే సరిపోతుందా?

స్లయిడ్_పెట్టె (హైదరాబాద్, రామంతాపూర్):

నాన్నగారు కాలేజీలో బోటనీ చెప్పేవారు. నల్లమల, శేషాచలం అడవుల్లో తిరిగి ఆయన తీసిన 35 మి.మీ. స్లయిడ్లు (మౌంట్ అనే చిన్న చట్రంలో బిగించిన రంగుల ఫిల్మ్ ముక్కలు) రెండు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి, రంగులు ఇంకా బాగానే ఉన్నాయి, అవి పాడయ్యేలోపు కెమెరాతో కాపీ చేసి పెట్టాలని మొదలుపెట్టాను. ఫుల్‌ఫ్రేమ్ 24 మెగాపిక్సెల్ కెమెరా, 100 మి.మీ. మాక్రో లెన్స్, కాపీ స్టాండ్, కింద ఎల్‌ఈడీ ప్యానెల్ ఉన్నాయి. కుదరనిదల్లా హోల్డరే.

ఇప్పుడు వాడుతున్నది తెలిసినవాళ్లు 3డి ప్రింటర్‌లో చేసిచ్చిన చిన్న ప్లేటు. మధ్యలో 51 మి.మీ. చదరపు గుంట, అందులో స్లయిడ్ పడుకోబెట్టడమే. ఫొటో తీస్తే ఎడమవైపు ఆకు మీద నూగు కూడా కనిపిస్తుంది, కుడివైపు ఈనెలు కలిసిపోయి ఉంటాయి. పైగా ప్రతి స్లయిడూ కొంచెం వంకరగా పడుతోంది, కంప్యూటర్‌లో ఒక్కోటి తిప్పి సరిచేసుకోవాల్సి వస్తోంది. ఇన్ని వందల స్లయిడ్లకి అలా చేయడం అయ్యే పని కాదు.

గుంటని 50.2కి తగ్గించి టైట్‌గా చేయిద్దామనుకుంటున్నాను. చిక్కేమిటంటే నా దగ్గర అట్ట మౌంట్లు, ప్లాస్టిక్‌వి, గాజు మౌంట్లు మూడూ కలిసి ఉన్నాయి. వెర్నియర్ పెట్టి చూస్తే వెడల్పే 49.6 నుంచి 50.4 దాకా ఉంది. మందం అట్టవి 1.3 మి.మీ. దగ్గర, గాజువి 3 మి.మీ. దగ్గర. ఇలాంటిది డిజైన్ చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దారి చెప్పండి.

ఫిట్టర్_బాలానగర్:

అన్నా, స్లాట్ టైట్ చేయొద్దు. మీరు రాసిన కొలతల్లోనే జవాబు ఉంది. 50.2 గుంటలో 50.4 స్లయిడ్ దిగదు, బలవంతంగా దించితే అట్ట మూలలు నలుగుతాయి. 49.6ది దిగినా అందులో లూజుగానే ఉంటుంది. అంటే ఏ సైజు గుంట చేసినా కొన్నిటికి టైటు, కొన్నిటికి లూజు. ఇప్పుడున్న 51 గుంటలో 49.8 స్లయిడ్ వేస్తే 1.2 మి.మీ. ప్లే, 50 మి.మీ. పొడవు మీద అది దాదాపు 1.4 డిగ్రీల వంకర. మీరు కంప్యూటర్‌లో సరిచేస్తున్నది ఆ వంకరనే.

టూల్‌రూమ్‌లో జిగ్ (ముక్కని కదలకుండా పట్టే సాధనం) చేసేటప్పుడు ముక్కని నాలుగువైపులా ఎప్పుడూ బిగించం. రెండు అంచుల్ని మాత్రమే నమ్ముకుంటాం. స్లయిడ్ కింది అంచుకి రెండు పిన్నులు, ఒకదానికొకటి వీలైనంత దూరంగా. ఎడమ అంచుకి ఒకే ఒక పిన్ను. ఎదురు మూల నుంచి, అంటే పై కుడి మూల నుంచి ఒక మెత్తని స్ప్రింగు ఐమూలగా నెట్టాలి. అంతే, 49.6 అయినా 50.4 అయినా కింది అంచు ఆ రెండు పిన్నుల మీదే కూర్చుంటుంది, వంకర ఉండదు. సైజు తేడా అంతా స్ప్రింగు వైపుకి పోతుంది, ఆ వైపు ఎంత తేడా ఉన్నా మనకి అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: పిన్నులు స్లయిడ్ మూలలకి మరీ దగ్గరగా పెట్టొద్దు, మూలలు గుండ్రంగా ఉంటాయి, అట్టవైతే నలిగి కూడా ఉంటాయి. మూల నుంచి 8 మి.మీ. లోపలికి పెట్టండి.

ఎత్తుకి కూడా ఇదే సూత్రం. స్లయిడ్‌ని ప్లేటు మొత్తం మీద పడుకోబెడితే ఎక్కడ ఆనుతుందో మన చేతిలో ఉండదు, ఒక దుమ్ము రేణువు ఉన్నా, ప్లేటు కొంచెం వంగినా అటో ఇటో ఊగుతుంది. మూడు చోట్ల 4 మి.మీ. ప్యాడ్లు లేపి వాటి మీదే కూర్చోబెట్టండి. మూడు కాళ్ల పీట ఏ నేల మీద పెట్టినా ఊగదు కదా, అదే ఇక్కడ కూడా. రెండు ప్యాడ్లు కింది పట్టీలో రెండు చివర్లా, ఒకటి పై పట్టీ మధ్యలో. పైనుంచి నొక్కే స్ప్రింగు పట్టీలు సరిగ్గా ఆ ప్యాడ్ల నెత్తిమీదే రావాలి. ప్యాడ్ ఒకచోట, నొక్కుడు ఇంకోచోట అయితే అట్ట మౌంట్ వంగి లోపలి ఫిల్మ్ కూడా దానితోపాటే వంగుతుంది.

మాక్రో_సైనిక్‌పురి:

పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, కానీ హోల్డర్ గీసేముందు ఒక పని చేయండి. ఒక పక్క బ్లర్ అవడానికి హోల్డరే కారణం అని ఇంకా తేలలేదు. స్లయిడ్ పెట్టే చోట చిన్న అద్దం ముక్క పడుకోబెట్టి, లైవ్ వ్యూలో లెన్స్ తన ప్రతిబింబాన్ని తానే చూసుకునేలా ఫోకస్ చేయండి. లెన్స్ గుండ్రం సరిగ్గా ఫ్రేమ్ మధ్యలో పడితే కెమెరా, ప్లేటు సమాంతరంగా ఉన్నట్టు. పక్కకి జరిగి ఉంటే స్టాండే వాలి ఉంది, హోల్డర్ ఎంత బాగా చేసినా లాభం లేదు. స్పిరిట్ లెవెల్ కన్నా ఇది చాలా నికరమైన పరీక్ష.

ఇంత పట్టుదల ఎందుకంటే లెక్క చూడండి. 1:1లో (బొమ్మ సెన్సర్ మీద అసలు సైజులోనే పడేటప్పుడు) ఎఫ్8 అపర్చర్ దగ్గర, అస్పష్టత వృత్తం (షార్ప్ అని ఒప్పుకునే చుక్క సైజు) 0.01 మి.మీ. అని కొంచెం కఠినంగా తీసుకుంటే, షార్ప్‌గా ఉండే లోతు మొత్తం 0.32 మి.మీ. మాత్రమే. స్లయిడ్ 36 మి.మీ. పొడవులో అర డిగ్రీ వాలితే ఒక చివరకీ ఇంకో చివరకీ 0.31 మి.మీ. తేడా వస్తుంది. అంటే ఉన్న లోతంతా ఆ అర డిగ్రీయే తినేస్తుంది. ఎఫ్16 పెడితే పోతుంది కదా అనుకోవద్దు, 1:1లో ఎఫ్16 అంటే పనిచేసేది ఎఫ్32లాగా, డిఫ్రాక్షన్‌తో (చిన్న రంధ్రంలో కాంతి చెదరడంతో) ఫ్రేమ్ అంతా మెత్తబడిపోతుంది. ఎఫ్8 దగ్గరే ఉండి వాలుని సరిచేసుకోవడమే దారి.

ఇక ఫిల్మ్ సంగతి. గాజు లేని మౌంట్‌లో ఫిల్మ్ అంచులే పట్టుకుని ఉంటాయి, నడుమ ఉబ్బుతుంది. ప్రొజెక్టర్ల రోజుల్లో ఇది అందరికీ తెలిసిన బాధే, అందుకే వంగిన ఫిల్మ్‌కి సరిపోయేలా కర్వ్డ్ ఫీల్డ్ అని వేరే ప్రొజెక్షన్ లెన్సులే అమ్మేవారు. కాబట్టి మౌంట్ ఎంత చదునుగా కూర్చున్నా మధ్య, మూలలు ఒకే ఎత్తులో ఉండవు. ఫోకస్ మధ్యలో చేయకండి, మధ్యకీ మూలకీ నడుమ ఒకచోట చేయండి, లోతు రెండు వైపులా పంచుకుంటుంది. మరీ ఉబ్బినవైతే రెండు ఫోకస్‌లతో రెండు షాట్లు తీసి కలపాలి. ఎమల్షన్ వైపు, అంటే మెరుపు తక్కువ ఉన్న వైపు, పైకా కిందికా అనేది మీ ఇష్టం, కానీ అన్నిటికీ ఒకేలా పెట్టండి. మెరిసే వైపు కెమెరాకి చూపిస్తే బొమ్మ నేరుగా వస్తుంది, రెండోదైతే తర్వాత అద్దంలోలా తిప్పుకోవాలి.

స్లయిడ్_పెట్టె:

ఇద్దరికీ చాలా థాంక్స్. అద్దం పెట్టి చూశాను. లెన్స్ ప్రతిబింబం బాగా పక్కకి జరిగి ఉంది, స్టాండ్ చేయి కింద సన్నని రేకు పెట్టి మధ్యకి తెచ్చాక కుడివైపు బ్లర్ సగానికి తగ్గింది! మిగతా సగం ప్లేటుదే, దాన్ని పక్కకి తిప్పి పెడితే బ్లర్ కూడా దానితోపాటు తిరుగుతోంది.

ఇంకో ఆలోచన. ఫిల్మ్ ఎలాగూ మౌంట్ మందానికి దాదాపు మధ్యలోనే ఉంటుంది కదా. రెండు పక్కలా వీ ఆకారపు గాడి పెట్టి స్లయిడ్‌ని అందులోకి తోస్తే, అట్టదైనా గాజుదైనా దానంతటదే మధ్యకి వస్తుంది, ఫోకస్ మార్చే పనే ఉండదు. ఇది పనిచేస్తుందా? దేంతో చేయించాలి, 3డి ప్రింటా, యాక్రిలిక్‌ని లేజర్‌తో కోయించడమా, అల్యూమినియమా?

ఫిట్టర్_బాలానగర్:

వీ గాడి కాగితం మీద బాగుంటుంది, కొత్త గాజు మౌంట్లకి నిజంగానే పనిచేస్తుంది కూడా. కానీ నలభై ఏళ్ల నాటి అట్ట అంచులు ఒకచోట నలిగి, ఒకచోట పొరలు విడిపోయి ఉంటాయి. ఒక అంచు గాడిలో పైకెక్కుతుంది, ఇంకోటి దిగుతుంది, అంటే మళ్లీ వాలు. మనకి వాలే అసలు శత్రువు, ఎత్తు తేడా కాదు. ఎత్తు మారితే ఫోకస్ రింగ్ తిప్పితే సరి, వాలు వస్తే ఏ రింగూ సరిచేయదు. కాబట్టి మూడు ప్యాడ్ల మీదే ఉండండి. అట్టవి 1.3, గాజువి 3 అంటే ఫిల్మ్ ఎత్తులో తేడా దానిలో సగం, సుమారు 0.85. అది లోతుకి మించే ఉంది, కాబట్టి మౌంట్ రకాల్ని ముందే వేరుచేసుకుని, ఒక రకం అంతా అయ్యాక ఫోకస్ మళ్లీ చేసుకుని రెండో రకం మొదలుపెట్టండి. ప్యాడ్ల మధ్య 40 మి.మీ. దూరం ఉంటే ఒక ప్యాడ్ ఎత్తులో 0.1 తేడా వచ్చినా వాలు 0.15 డిగ్రీల లోపే, భయం లేదు.

మెటీరియల్‌కి వస్తే, 3డి ప్రింట్ చేయించేటట్టయితే ప్యాడ్లున్న ముఖం ప్రింటర్ బెడ్ మీద ఆనేలా బోర్లా గీయండి, ఆ ముఖమే అన్నిటికన్నా చదును. పైముఖం మీద లైన్లు వస్తాయి. ప్రింటర్లలో మామూలుగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మే నెలలో ఎండలో ఆపిన కారులో వదిలేస్తే వంగిపోయి ఉంటుంది, ఇంకొంచెం వేడి తట్టుకునే పీఈటీజీ అడగండి. యాక్రిలిక్ ముఖం చదునే కానీ 3 మి.మీ. అని అమ్మే షీటు కచ్చితంగా 3 ఉండదు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఎత్తు లెక్కేస్తే దెబ్బతింటారు. మీకు వందల స్లయిడ్లున్నాయి కాబట్టి నా సలహా 6 మి.మీ. అల్యూమినియం ప్లేటు. ఒక్క బిగింపులోనే ముఖం, ప్యాడ్లు, పిన్నుల రంధ్రాలు మిల్లింగ్ చేయించండి, ముక్క తీసి మళ్లీ బిగిస్తే ఆ తేడా దానిలో కలుస్తుంది. ప్లేటు కింద మూడు ఎం3 గ్రబ్ స్క్రూలకి (తల లేని 3 మి.మీ. మరలకి) ట్యాప్ కొట్టించండి, అద్దం పరీక్షలో ఆ మూడింటితోనే లెవెల్ చేసుకోవచ్చు, స్టాండ్ కింద రేకులతో పని ఉండదు. స్ప్రింగులకి ఫీలర్ గేజ్ పట్టీ (సందులు కొలిచే పలుచని స్టీలు రేకు) వంచి వాడండి, రాణిగంజ్‌లో దొరుకుతుంది. బాలానగర్, జీడిమెట్ల వైపు చిన్న జాబు కూడా చేసే షాపులున్నాయి, డ్రాయింగ్ మీద కొలతలు స్పష్టంగా ఉంటే చాలు. మీరే దగ్గరుండి నేర్చుకుంటూ చేయాలంటే రాయదుర్గంలో 2023లో మొదలైన టీ-వర్క్స్ ఉంది, ప్రోటోటైపుల కోసమే పెట్టింది.

భారతి_పాతఫొటోలు:

హోల్డర్ గురించి వీళ్లిద్దరూ చెప్పాక నేను కలిపేదేమీ లేదు. స్లయిడ్ల గురించి రెండు మాటలండి. ఫిల్మ్ చదునుగా రావాలని అట్ట మౌంట్లు చించి ఫిల్మ్ బయటికి తీయకండి. మీ నాన్నగారు ఆ అట్టమీద మొక్క పేరు, ఊరు రాసే ఉంటారు, ల్యాబ్‌లో కడిగించిన వాటికి నెల, సంవత్సరం కూడా అచ్చు వేసి ఉంటుంది. బోటనీ చెప్పిన మనిషి సేకరణలో బొమ్మ ఎంత ముఖ్యమో ఆ రాత కూడా అంతే ముఖ్యం, ఏ మొక్క ఏ కొండమీద ఎప్పుడు పూసిందో చెప్పేది అదే. ప్రతి స్లయిడ్ అట్టని ఫోన్‌తో ఒక ఫొటో తీసి, దానికీ స్కాన్‌కీ ఒకటే నంబరు ఇవ్వండి. ఆ పని ఇప్పుడు చేయకపోతే తర్వాత ఎవరూ చేయరు.

రెండోది బూజు. మన దగ్గర జూలై నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమ 65 శాతం దాటితే ట్రంకు పెట్టెలో బూజు లేవడానికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు. స్కాన్ అయిన వాటిని మళ్లీ ట్రంకులో వేయకుండా, మూత గట్టిగా పట్టే డబ్బాల్లో సిలికా జెల్‌తో పెట్టండి. ఫిల్మ్ మీద దుమ్ము కనిపిస్తే బ్లోయర్, మెత్తని బ్రష్ అంతవరకే, నీళ్లతోనో గుడ్డతోనో రుద్దొద్దు. గాజు మౌంట్లలో సీతాకోకచిలుక రెక్కల రంగుల్లో వలయాలు కనిపిస్తే కంగారు పడకండి, అవి న్యూటన్ వలయాలు, ఫిల్మ్ నునుపు వైపు గాజుకి తగిలినప్పుడు వస్తాయి. ఆ కొన్నిటికి మాత్రం యాంటీ-న్యూటన్ గాజున్న మౌంట్లలోకి మార్చడం మంచిది.

మాక్రో_సైనిక్‌పురి:

డ్రాయింగ్ గీసేటప్పుడు వెలుతురుకి కూడా చోటు వదలండి. ప్లేటుకీ కింది పాల రంగు డిఫ్యూజర్‌కీ మధ్య కనీసం 30 మి.మీ. ఖాళీ ఉండాలి, లేకపోతే డిఫ్యూజర్ మీది దుమ్ము బొమ్మలో కనిపిస్తుంది. నిలువు బొమ్మల్ని కూడా అడ్డంగానే పెట్టి తర్వాత తిప్పుకోండి, అప్పుడు ప్లేటులో 40 x 28 రంధ్రం చాలు, పైకీ కిందికీ ప్యాడ్లకి బోలెడు పట్టీ మిగులుతుంది. రంధ్రం అంచు కింది వైపు ఏటవాలుగా కోయించి మ్యాట్ నలుపు వేయించండి. ఉత్త అల్యూమినియం అంచు మెరిసిందంటే ఆ మెరుపు స్లయిడ్ నీడల్లోకి వచ్చి పడుతుంది.

స్లయిడ్_పెట్టె:

సరే, వీ గాడి వదిలేస్తున్నాను. అల్యూమినియం, మూడు ప్యాడ్లు, మూడు పిన్నులు, ఐమూల స్ప్రింగు, కింద ఎం3 స్క్రూలు. భారతి గారూ, అట్టల మీద రాత ఉందండి, చాలావాటి మీద లాటిన్ పేర్లతో సహా, ఈ రాత్రి నుంచే ఫోన్‌తో తీయడం మొదలుపెడతాను. ఫిట్టర్ అన్నా, ఎడమ అంచు పిన్ను మధ్యలో ఉండాలా, కిందికి ఉండాలా? అదొక్కటి చెబితే డ్రాయింగ్ పూర్తి చేస్తా.

ఫిట్టర్_బాలానగర్:

మధ్యకి దగ్గరగా పెట్టండి, కానీ స్ప్రింగు నెట్టే గీత ఆ పిన్నుకీ కింది రెండు పిన్నులకీ నడుమనుంచి పోవాలి, అప్పుడే మూడూ ఒకేసారి ఆనుతాయి. స్ప్రింగుని పై కుడి మూల నుంచి కింది అంచు వైపుకి కొంచెం ఎక్కువ వాల్చండి. డ్రాయింగ్ ఇక్కడ పెట్టండి, షాపుకి ఇచ్చేముందు ఒకసారి చూస్తాను.