వంక గట్టున లేఅవుట్‌కు పర్మిషన్ ఇచ్చేశారు, అప్పీలు ఎవరికి చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి శివారు కాలనీ. పక్కనే కొండ వైపు నుంచి దిగే వంక ఉంది. ఎండాకాలం ఇసుక తప్ప ఏమీ ఉండదు, వాన పట్టిందంటే రెండు గట్లూ ఒరుసుకొని పారుతుంది. 2021 నవంబరు వరదలప్పుడు ఆ నీళ్లు మా కింది వీధి ఇళ్లల్లోకి వచ్చాయి. ఇప్పుడు ఆ గట్టు మీదనే లేఅవుట్‌కు పర్మిషన్ వచ్చిందని బోర్డు పెట్టి, జేసీబీతో మట్టిని వంకలోకి తోస్తున్నారు. ఆఫీసులో అడిగితే "అప్రూవల్ అయిపోయింది, కావాలంటే అప్పీలుకు పోండి" అన్నారు. ఎవరి దగ్గరికి పోవాలి? ఎన్నాళ్లు గడువు? లాయరు ఫీజు కట్టేంత డబ్బు మా సంఘం దగ్గర లేదు.

జవాబు:
అన్నా, చట్టంలో రాసిన అప్పీలు ఎక్కువగా ప్లాను పెట్టుకొని పర్మిషన్ దొరకని వాళ్ల కోసం. పక్కనుండే మనలాంటి వాళ్లకు దారి వేరే. ముందు పర్మిషన్ ఇచ్చిన ఆఫీసుకే, దాన్ని రద్దు చేయమని రాతపూర్వకంగా అర్జీ పెట్టాలి. వాళ్లు పలక్కపోతే అమరావతిలో హైకోర్టుకు రిట్ (అధికారుల నిర్ణయాన్ని సవాలు చేసే పిటిషన్), లేదంటే చెన్నైలో ఉన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి. స్థలం కార్పొరేషన్ హద్దులో ఉంటే 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 450వ సెక్షన్ చూడండి. తప్పుడు వివరాలు చూపించి తెచ్చుకున్న బిల్డింగ్ పర్మిషన్‌ను కమిషనరు రద్దు చేయవచ్చు.

ప్లానులో వంకను సన్నగా గీసి చూపించారా, అసలు చూపించనే లేదా అన్నది మొదట తేల్చుకోండి. దానికి సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (సర్వే శాఖ వాళ్ల భూమి కొలతల పటం) కాపీ కావాలి. వంక పోరంబోకు హద్దు కొలతలతో సహా అందులో ఉంటుంది. దాంతోపాటు సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టి నాలుగు కాగితాలు అడగండి: అప్రూవైన ప్లాను, ఇరిగేషన్ వాళ్ల ఎన్ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం), తహసీల్దారు రిపోర్టు, స్థలం చూసి రాసిన తనిఖీ నివేదిక. జవాబుకు 30 రోజులు. అప్పటిదాకా చేతులు ముడుచుకొని కూర్చోవద్దు, అర్జీ ఈ వారమే ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో కూడా ఒకటి పెడితే రసీదు నంబరు వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ సార్. లేఅవుట్ వాళ్లు "ఇది పట్టా భూమి, మా భూమిలో మేం ఏమన్నా చేసుకుంటాం" అంటున్నారు. దానికేం చెప్పాలి?

మరో జవాబు:
తమ్ముడూ, పట్టా ఉన్నంత మాత్రాన బఫర్ వదలాల్సిన పని తప్పదు. 2017 బిల్డింగ్ రూల్స్ ప్రకారం వాగు, వంక, కాలవ వెడల్పు 10 మీటర్లు దాటితే హద్దు నుంచి 9 మీటర్లు, అంతకు లోపైతే 2 మీటర్లు కట్టడం లేకుండా విడవాలి. సవరణలు వస్తుంటాయి కాబట్టి పర్మిషన్ తేదీ నాటికి అమల్లో ఉన్న జీవో తీసుకొని అర్జీకి జత చేయండి. ఇంకో సంగతి, నేను గట్టిగా చెప్పేది ఇదే: ఈ మీటర్లు ఇప్పుడు కనిపించే గట్టు నుంచి కొలవనీయొద్దు. మట్టి తోసి గట్టును ముందుకు జరిపిన తర్వాత అక్కడి నుంచి కొలిస్తే వంక భూమే వాళ్ల బఫర్ అయిపోతుంది. ఎఫ్‌ఎంబీ హద్దు నుంచి కొలవమని, మండల సర్వేయరుతో జాయింట్ సర్వే చేయించమని అర్జీలోనే రాయండి. మట్టి తోసేటప్పటి ఫోటోలు తేదీ కనిపించేట్టు తీసి పెట్టుకోండి.

ట్రాఫిక్ పెరుగుతుంది, గాలి రాదు, ఇళ్ల రేట్లు పడిపోతాయి అని మాత్రం రాయొద్దు. అవి మనకు నిజమైన బాధలే, కానీ అర్జీలో అవి చేరితే అసలు విషయం పలచబడుతుంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దీనికి మన ఊరి కేసే ఒకటి ఉంది, తప్పకుండా జత చేయండి. అవిలాల చెరువు, పేరూరు చెరువు భూముల్ని ఇళ్ల కోసం హౌసింగ్ బోర్డుకు, తుడాకు (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థకు) ఇస్తే ఇంటలెక్చువల్స్ ఫోరం, తిరుపతి పేరుతో మనవాళ్లు కోర్టుకెక్కారు. హైకోర్టులో ఓడిపోయారు. అయినా వదలకుండా సుప్రీంకోర్టుకు పోయారు. 2006 ఫిబ్రవరి 23న తీర్పు వచ్చింది. ఇలాంటి వనరులకు ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనని చెప్పి, ఇకమీదట కట్టడాలు వద్దంది. పేరూరు చెరువుకు నీళ్లు తెచ్చే బోడెద్దుల వంకను బాగుచేసి పారించమని కూడా ఆదేశించింది. వంకల గురించి మన తిరుపతికి ఇంత స్పష్టంగా సుప్రీంకోర్టు మాట ఉండగా ఎవరూ వాడుకోకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కానీ ఆ తీర్పు పూర్తిగా చదవండి. అప్పటికే కట్టేసిన ఇళ్లను కూల్చమనలేదు. వాననీటి గుంతలు పెట్టమంది, బోర్లు వేయొద్దంది, ఇళ్లు మాత్రం అక్కడే ఉండిపోయాయి. మీ వంక పక్కన పునాది లేవకముందే స్టే అడగాలని నేను తొందరపెట్టేది అందుకే. రిట్‌కు చట్టం ఇన్ని రోజులని చెప్పలేదు గానీ, ఆలస్యమైతే "ఇన్నాళ్లు ఏం చేశారు" అని జడ్జి మొదటే అడుగుతారు. ట్రిబ్యునల్‌కైతే వివాదం మొదట తలెత్తిన రోజు నుంచి 6 నెలలు, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు.

ప్రశ్న అడిగినవారు:
రెండిట్లో ఏది మేలు సార్?

మొదటి జవాబు ఇచ్చినవారు:
బఫర్ వదల్లేదు, ఎన్ఓసీ లేదు అన్నదే మీ వాదనైతే హైకోర్టు. వంకను పూడ్చి పర్యావరణానికి చెరుపు చేస్తున్నారన్నది బలంగా చూపించగలిగితే ట్రిబ్యునల్. అక్కడ నష్టపరిహారం అడక్కపోతే ఫీజు 1000 రూపాయలు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. హైకోర్టుకు డబ్బు లేదని ఆగొద్దు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, వరద బాధితులకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. కింది వీధిలో ఇళ్లల్లోకి నీళ్లొచ్చిన ఆడవాళ్లే పిటిషనర్లుగా ముందుకొస్తే ఇంకా మంచిది, నష్టపోయింది వాళ్లే కాబట్టి.

ప్రశ్న అడిగినవారు:
రేపే సర్వే కాపీకి అప్లై చేస్తాం. సంఘం మీటింగ్ ఆదివారం పెట్టుకున్నాం.

మరో జవాబు:
మీటింగ్‌లో తీర్మానం రాసి అందరి సంతకాలు తీసుకోండి, సంఘం తరఫున ఎవరు సంతకం చేయాలో అందులోనే ఉండాలి. ఎఫ్‌ఎంబీ వచ్చాక సర్వే నంబరు, కొలతలు కనిపించేట్టు ఇక్కడ పెట్టండి. వంక వెడల్పు 10 మీటర్లకు లోపలా పైనా అన్నది చూసి, అర్జీ ముసాయిదా నేను రాసిస్తాను.