ఆడామగా తేడా ఎప్పుడు మొదలైంది? మడక(నాగలి)తోనా, అంతకు ముందేనా?

పలమనేరు రైతుబిడ్డ:
నిన్న మా ఊరి టీ అంగడి కాడ ఒకాయన, మొగోడికి బలం ఎక్కువ కాబట్టి మొదట్నించీ వాడిదే పెత్తనం, దీంట్లో చరిత్ర ఏముంది అన్నాడు. నాకూ అట్నే అనిపిస్తా ఉంది. మీరేమంటారు?

తిరుచానూరు అక్క:
బలమే కారణమైతే తమ్ముడూ, వేటాడి బతికిన కాలంలోనే తేడా ఎక్కువ ఉండాల గదా. పెరూ కొండల్లో 9 వేల ఏండ్ల నాటి సమాధిలో ఈటె మొనలతో సహా పూడ్చిన మనిషి దొరికితే, చూస్తే ఇరవై ఏండ్లు నిండని ఆడపిల్ల, 2020లో బయటపెట్టినారు. ఫిలిప్పీన్స్‌లో వేటాడి బతికే ఆగ్టా తెగ వాళ్లు ఈరోజుకీ ఎవురి దగ్గర కాపురం ఉండాలనేది మొగుడూ పెండ్లాం ఇద్దరూ కలిసి తేల్చుకుంటారు. నన్నడిగితే మలుపు మడక దగ్గరే. ఎస్టర్ బోసెరప్ అనే ఆర్థికవేత్త 1970లోనే చెప్పింది, పారతో తవ్వుకునే సేద్యంలో ఆడోళ్లే ముందుండేది, మడకా ఎద్దులూ వచ్చినాక సేద్యం మొగోళ్ల చేతికి పోయింది అని. చంకలో బిడ్డనేసుకుని మడక పట్టేది కుదరదు గదా. మా నాయిన నన్ను మడక ముట్టనిచ్చేవాడే కాదు, ఎందుకు నాయినా అంటే ముట్టకూడదు అంతే అనేవాడు.

చిత్తూరు లాయరు:
అక్కా, నేను సగమే ఒప్పుకుంటా. మన కయ్యల్లో నాట్లేసేదీ కలుపు తీసేదీ చెనిక్కాయలు ఒలిచేదీ ఆడోళ్లే, మరి పని చేసినందుకు భూమి వచ్చిందా? అసలు సంగతి ఆస్తి. దాదాపు 3,700 ఏండ్ల కిందటి బాబిలోన్ రాజు హమ్మురాబి చట్టంలో, అప్పు తీర్చలేనోడు పెండ్లాన్ని మూడేండ్లు అప్పిచ్చినోడి ఇంట్లో పనికి పెట్టొచ్చు అని రాసిపెట్టినారు. మనకాడ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది, అది 1985 సెప్టెంబరు 5 నుంచి లెక్క, అంతకు ముందే పెళ్లయినోళ్లకు 2005లో కేంద్ర చట్టం మారేదాకా లేదు. మాయమ్మ పెళ్లి 1983లో. ఆ రెండేండ్ల తేడాకి ఆమె బతుకంతా ఏడ్చింది.

పలమనేరు రైతుబిడ్డ:
సరే అక్కా, ఇప్పుడు అంతా ట్రాక్టర్లే గదా, మడకే కారణమైతే తేడా ఇంకా ఎందుకు పోలే?

తిరుచానూరు అక్క:
అలవాటు నిలిచిపోయింది తమ్ముడూ. 2013లో ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్క తీసినారు, మడక దున్నిన జాతుల వాళ్లు అమెరికాకు పోయి స్థిరపడినా వాళ్ల పిల్లల్లో ఉద్యోగానికి పోయే ఆడోళ్లు తక్కువే. లాయరన్నా, ఆస్తి మాట కాదనను, కానీ దున్నేవాడిదే భూమి అనే ఆలోచన యాడ నుంచి వచ్చిందో కూడా చూడన్నా.

పలమనేరు రైతుబిడ్డ:
లాయరన్నా, మాయక్క పెళ్లి 1990లో. తాతల నాటి మూడెకరాలుండాది. ఆమెకు వాటా ఉన్నిందా? మా ఇంట్లో ఎవురూ ఆ మాటే ఎత్తలేదు.

చిత్తూరు లాయరు:
ఉన్నింది తమ్ముడూ. పంపకాలు కాకుంటే ఇప్పుడూ ఉంది.