పాత ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే) బండ్లంటే అంత మోజెందుకు?

ప్రశ్న: కొత్త మోడళ్లలో ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు ఊరికే తిరగకుండా చూసే ఏర్పాటు) లాంటివన్నీ ఉన్నాయి కదా. అయినా ఆఫ్‌రోడ్‌కి పాత డీజిల్ బండ్లే ఎందుకు వెతుకుతారండీ?

జవాబు 1: అసలు కారణం ఇంజెక్షన్ పంపు, అంటే ఇంజన్‌లోకి డీజిల్ కొట్టే పంపు. మెకానికల్ పంపున్న ఇంజన్ స్టార్టయ్యాక చాలావాటికి ఫ్యూయల్ కట్ సోలినాయిడ్‌కి (డీజిల్ దారి తెరిచి మూసే కరెంటు వాల్వ్‌కి) 12 వోల్టులు అందితే చాలు, వేరే ఎలక్ట్రానిక్స్ అక్కర్లేదు. లైన్లో గాలి చేరిందా, ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) వదులు చేసి, బుడగలు ఆగేదాకా హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కే చిన్న పంపు) కొట్టి బిగించాలి. అప్పటికీ అందుకోకపోతే ఇంజెక్టర్ల దగ్గర పైపు నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టండి, డీజిల్ రాగానే బిగించేయండి. కామన్ రైల్‌లో (కంప్యూటర్ నడిపే కొత్త రకం డీజిల్ ఇంజన్లలో) మాత్రం ఈ పని వద్దే వద్దు. అక్కడ ప్రెజర్ 1,600 బార్ దాకా, కొన్నిట్లో ఇంకా పైకి వెళ్తుంది. ఆ ధార చర్మంలోకి దిగిపోతుంది.

జవాబు 2: సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు) సంగతీ చెప్పాలి. ఒక చక్రం రాయెక్కితే రెండోది కిందికి నొక్కుకుంటుంది, పట్టు పోదు. సీవీ బూట్లు (ఇరుసు కీళ్ల మీది రబ్బరు తొడుగులు) చిరిగే బెడద కూడా తక్కువ.

జవాబు 3: పాతదంతా మేలనుకోకండి. వాగు దాటగానే డ్రమ్ బ్రేకులు సరిగా పట్టవు, నెమ్మదిగా పోతూ పెడల్ తేలిగ్గా నొక్కి ఆరబెట్టాలి. ఎదురు మూలల చక్రాలు గాల్లోకి లేస్తే లాకర్ (ఇరుసు రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించేది) లేని పాత బండి అక్కడే ఆగిపోతుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఐతే ఊరికే తిరిగే చక్రానికి బ్రేకు వేసి రెండో చక్రానికి బలం పంపిస్తుంది. కొనేముందు ఛాసిస్‌ని సుత్తితో తట్టి చూడండి. మొద్దు చప్పుడొస్తే లోపల తుప్పుందేమోనని అనుమానించాల్సిందే.