బీర్ పిప్పిని ఎండలో ఆరబెట్టాలా, డ్రయ్యర్‌లో వేయాలా?

ఆవులదొడ్డి:
పలమనేరు దగ్గర పల్లె మాది. బీర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చే తడి బార్లీ పిప్పి లోడు తెప్పించి నలుగురం పంచుకుంటున్నాం. ఆవులు ఇష్టంగానే తింటాయి, కానీ రెండు మూడు రోజులకే పులిసి ఒకటే కంపు. ఎండబెట్టి మూటలు కట్టుకుందామంటే ఒకరేమో ఎండ చాలంటారు, ఇంకొకరు డ్రయ్యర్ బాడుగకు తీసుకోమంటారు. ఎట్లా ఆరబెట్టామన్న దాన్నిబట్టి మేతలో బలం మారుతుందా?

మామిడితోపు:
దాంట్లో 75–80 శాతం నీళ్లే అన్నా. టన్ను ఆరబెడితే చేతికొచ్చేది పావు టన్ను, అటూఇటూ. కట్టెలకో కరెంటుకో లెక్క వేసుకునే ముందు బాగా పిండి నీళ్లు కార్చేయండి, సగం ఖర్చు అక్కడే తగ్గుతుంది. ఎండలో అయితే పట్టా మీద రెండు వేళ్ల మందం మించకుండా పరిచి గంటగంటకూ తిరగేయాలి, మందంగా పోస్తే పైన ఎండి అడుగున బూజు పడుతుంది. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటే పాలల్లోకి వస్తుంది, కాచినా పోదు. నవంబరు వానల్లో ఎండను నమ్ముకోవద్దు.

దాణాలెక్క:
ఎండా మెషీనా అన్నది కాదు, ఎంత వేడిలో ఎంతసేపు ఉంచారన్నదే చూడాలి. 60 డిగ్రీల దగ్గర నిదానంగా ఆరితే రంగు పెద్దగా మారదు. డ్రయ్యర్ డ్రమ్ములో మాడితే ప్రొటీన్ చక్కెరలతో కలిసి గట్టిపడుతుంది, ప్రొటీన్‌లో ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం పోతుంది, కోళ్లకు వేసేవాళ్లకు అది నేరుగా నష్టం. ఆవుకైతే కొంచెం వేడి మంచిదే, కొంత ప్రొటీన్ పెద్దపొట్టలో కరిగిపోకుండా పేగుల దాకా పోతుంది. మరీ మాడితే మాత్రం పేడలోకే. ఇందులో తిరకాసు ఏమంటే ల్యాబ్‌లో మామూలు ప్రొటీన్ టెస్టు చేయిస్తే మాడినదానికీ మాడనిదానికీ అంకె ఇంచుమించు ఒకటే వస్తుంది, అది నత్రజనిని మాత్రమే కొలుస్తుంది కాబట్టి. ఎసిడ్ డిటర్జెంట్ ఫైబర్‌లో, అంటే సరిగా అరగని పీచులో, చిక్కుకున్న నత్రజని ఎంతో చూడమనండి. తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీలో ఒకసారి అడిగి చూడండి. కాఫీపొడి రంగులో ఉన్న సరుకు మాత్రం నేను కొనను.

నూకలమిల్లు:
తవుడుకు ఈ లెక్క పనికిరాదు, జాగ్రత్త. పచ్చి బియ్యం తవుడు ఎండలో ఎంత ఆరబెట్టినా అందులో నూనెను చెడగొట్టే లైపేజ్ అనే ఎంజైమ్ చావదు, నూనె చెడి ముక్క వాసన వస్తుంది. దానికి ఆవిరో వేయింపో, గట్టి వేడే తగలాలి. ఉప్పుడు బియ్యం తవుడు అందుకే ఎక్కువ రోజులు ఆగుతుంది.

ఆవులదొడ్డి:
సరే అన్నా, వానల దాకా ఎండలోనే పలచగా ఆరబెడతాం. తర్వాతి లోడు ఆరబెట్టకుండా గాలి చొరకుండా గుంటలో తొక్కి పెడితే నిలుస్తుందా? ఎవరైనా చేశారా?


మామిడితోపు:
నిలుస్తుంది, కొంచెం తవుడో మొక్కజొన్న పిండో కలిపి తొక్కండి, కారే నీళ్లు పీల్చుకుంటుంది.