అప్‌డేట్: మామిడి జీడి సారం పనిచేసింది

నెల క్రితం అడిగాను కదా, చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలు పడేసే తోతాపురి టెంకల్లోని జీడి నుంచి, మిథనాల్, హెక్సేన్ లాంటి హానికర ద్రావకాలు లేకుండా బ్యాక్టీరియాను ఆపే పదార్థం తీయొచ్చా అని. తీయొచ్చు! సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

నా పొరపాటంతా ఎండబెట్టడంలోనే ఉంది. కోసిన జీడిని ఎండలో పెడితే గంటకల్లా గోధుమ రంగుకు తిరిగేది, నాకు కావలసిన పదార్థాలు, అంటే పాలీఫినాల్స్, అక్కడే పాడైపోయేవి. ఈసారి మీలో ఒకరు చెప్పినట్టు రంగు మార్చే ఎంజైమ్ పనిచేయకుండా ముందు మరిగే నీళ్లలో మూడు నిమిషాలు ఉంచి, 50 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి పొడి కొట్టాను. సగం నీళ్లు, సగం ఇథనాల్ పోసి అల్ట్రాసోనిక్ బాత్‌లో (ధ్వని తరంగాలతో కుదిపే తొట్టి) అరగంట. వడకట్టిన సారంలో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క పడగానే సిరా ఒలికినట్టు నీలి నలుపుకు తిరిగింది, అంటే పాలీఫినాల్స్ దిగాయన్నమాట. చూస్తూ నిలబడిపోయాను.

స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పెంచిన ప్లేటులో, సారంలో తడిపిన డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని 14 మిల్లీమీటర్ల ఖాళీ వలయం వచ్చింది. ఉత్త ఇథనాల్ డిస్క్ దగ్గర ఏమీ లేదు. ఈ.కోలై అనే ఇంకో బ్యాక్టీరియా మీద మాత్రం దాదాపు పనిచేయలేదు, దానికున్న బయటి పొర అడ్డం. జీడిలోని గాలోటానిన్లు (ఒక రకం పాలీఫినాల్స్) బ్యాక్టీరియాకు కావలసిన ఇనుమును పట్టేసుకుంటాయి కాబట్టి, ఇనుము కలిపితే వలయం చిన్నదవుతుందేమో వచ్చే వారం చూస్తాను.