మూడు కాలేజీలూ కోర్సులు పంచుకుంటే పిల్లలకు లాభమా, నష్టమా?

ఇలినాయ్_నాన్న
మా ప్రాంతంలో మూడు కమ్యూనిటీ కాలేజీలు (రెండేళ్ల కాలేజీలు, తర్వాత యూనివర్సిటీకి మారొచ్చు) కలిసి ఒక ప్రణాళిక వేస్తున్నాయి. రేడియోగ్రఫీ (ఎక్స్‌రే తీసే కోర్సు) ఒకచోట, వెల్డింగ్ ఇంకోచోట, ఆటోమోటివ్ మూడోచోట మాత్రమే ఉంచి, మిగతాచోట్ల ఎత్తేస్తారట. పక్క డిస్ట్రిక్ట్ (కాలేజీని నడిపే స్థానిక పరిధి) నుంచి వచ్చినా సొంత డిస్ట్రిక్ట్ ఫీజే తీసుకుంటారు. బోర్డు అభిప్రాయాలు అడుగుతోంది. మా అమ్మాయి వచ్చే ఏడాది రేడియోగ్రఫీకి అప్లై చేస్తుంది. తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల_మాష్టారు
మంచిదే. నేను ఇలాంటి రెండు కాలేజీల్లో పార్ట్‌టైమ్‌గా లెక్కలు చెబుతాను. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌కి ఇక్కడ ఏడుగురు, అక్కడ ఆరుగురు చేరతారు. జనం చాలలేదని సెమిస్టర్ మొదలవకముందే రెండుచోట్లా క్లాసు రద్దు. ఇంజినీరింగ్‌కి ట్రాన్స్‌ఫర్ అవ్వాల్సిన పిల్లలు ఊరికే ఆగిపోతారు. కలిపి పెడితే ఒక నిండు క్లాసు నడుస్తుంది.

ఇక రేడియోగ్రఫీలో ఎక్స్‌రే గది కట్టడం కంటే ఆసుపత్రిలో క్లినికల్ సీట్లు, అంటే రోగుల దగ్గర పని నేర్చుకునే చోటు, సంపాదించడమే కష్టం. ఒక్కో విద్యార్థికి ఒక్కో టెక్నాలజిస్ట్ ఉండాలని అక్రెడిటేషన్ (కోర్సుకిచ్చే గుర్తింపు) నియమం. మూడు కాలేజీలూ ఒకే ఆసుపత్రి గుమ్మంలో పోటీపడితే సీట్లేమీ పెరగవు. కలిసి అడిగితే షిఫ్టులన్నా పంచుకోవచ్చు.

పాతకాపు
మొదట కలిసి ప్లాన్ చేద్దాం అంటారు, తర్వాత కాలేజీనే కలిపేస్తారు. కనెటికట్‌లో 12 కమ్యూనిటీ కాలేజీలను 2023 జూలైలో ఒక్కటి చేసేశారు. అక్కడి లెక్చరర్లు ఏళ్లతరబడి మొత్తుకున్నా వినలేదు.

లెక్కల_మాష్టారు
అది విలీనం, ఇది ఒప్పందం. ఇలినాయ్‌లో 39 డిస్ట్రిక్టులు, 48 కాలేజీలు ఉన్నాయి. ఒక్కో డిస్ట్రిక్టుకి ఎన్నికైన బోర్డు, సొంత ఆస్తి పన్ను ఉంటాయి (చికాగో సంగతి వేరు, అక్కడ బోర్డును మేయర్ నియమిస్తాడు). ఆ కుర్చీలు ఎవరూ అంత తేలిగ్గా వదులుకోరు లెండి.

క్యాలెండర్_రావు
మూడు కాలేజీలకీ స్ప్రింగ్ బ్రేక్ ఒకే వారంలో ఉంటుందా? ముందు అది చెప్పండి. మావాడు రెండు కాలేజీల్లో క్లాసులు తీసుకున్నాడు. ఇక్కడ సెలవైతే అక్కడ మిడ్‌టర్మ్, అక్కడ సెలవైతే ఇక్కడ ల్యాబ్. వాడికి ఒక్క వారం కూడా సెలవు దొరకలేదు.

అరుణ_హెచ్4
మాష్టారి మాటలు వినడానికి బాగున్నాయి. వేరే రాష్ట్రంలో మేం ఉన్నప్పుడు మా కాలేజీ డెంటల్ హైజీన్‌ని ఇలాగే "పంచుకున్నారు". నేను ముందు చదవాల్సిన బయాలజీ, కెమిస్ట్రీ అన్నీ పూర్తి చేశాక ప్రోగ్రాంని పక్క కౌంటీకి మార్చారు. ఇంట్లో ఒకటే కారు, అది మావారి ఆఫీసుకి. బస్సేమో కౌంటీ హద్దు దాకే వస్తుంది. అక్కడ దిగి, గ్యాస్ స్టేషన్ ముందు మంచులో నిలబడి, పక్క కౌంటీ బస్సు కోసం చూడాలి. అది తప్పిపోతే ఆ రోజు క్లినిక్ పోయినట్టే. పిల్లాణ్ణి డేకేర్ నుంచి తెచ్చే వేళకి ఇల్లు చేరలేకపోయేదాన్ని. ఒక సెమిస్టర్ అయ్యాక మానేశాను.

లెక్కల_మాష్టారు
బాధగానే ఉంది అరుణ గారూ. కానీ ఒక్కరి అనుభవాన్ని పట్టుకుని ప్లాన్ మొత్తం చెడ్డదంటే ఎలా? కావాలనుకున్నవాళ్లు దూరమైనా వెళ్తారు. నేను రోజూ రెండు క్యాంపస్‌ల మధ్య తిరగడం లేదూ?

అరుణ_హెచ్4
తిరిగినందుకు మీకు జీతం ఇస్తారు. నేను ఫీజు కట్టి తిరగాలి. నాకు చదువు అక్కర్లేక మానేశానంటారా? ఇంతకీ రెండు సగం క్లాసులు కలిపితే ఆ నిండు క్లాసు ఎవరికి దక్కుతుందో కూడా చెప్పండి.

లెక్కల_మాష్టారు
దక్కితే నాకే, అయితే ఏంటి? క్లాసు రద్దయితే నాకు ఆ డబ్బులు రావు. హెల్త్ ఇన్సూరెన్స్ ఎలాగూ లేదు. నా పొట్ట గురించి మాట్లాడినంత మాత్రాన ఆ పదముగ్గురి చదువు అబద్ధం అయిపోదు.

అడ్మిన్
ఇద్దరూ కాస్త తగ్గండి. జీతాల దాకా వెళ్లొద్దు.

క్యాలెండర్_రావు
నా ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

అరుణ_హెచ్4
సరే. కాలేజీలు కలిసి నడపొద్దని నేను అనడం లేదు. ఏది ఎక్కడుండాలో ఎలా తేల్చారు? మా దగ్గర కొత్త బిల్డింగ్ ఉన్నచోటికి పట్టుకుపోయారు. చదివేవాళ్లు ఎక్కువున్నది మా వైపు. థియరీ వీడియోలో చెప్పి, ల్యాబ్ రోజులు రెండింటికి కుదించి, ఒక వ్యాన్ వేసి ఉంటే నేను పూర్తిచేసేదాన్ని. కలిపినప్పుడు వచ్చే దూరాన్ని ఎవరో ఒకరు మోయాలి. ప్రతిసారీ అది విద్యార్థి నెత్తినే ఎందుకు?

లెక్కల_మాష్టారు
వ్యాన్‌కి డబ్బెవరు ఇస్తారండీ? బోర్డుకి ఓటేసేది సొంత డిస్ట్రిక్ట్ వాళ్లు. పక్కవాళ్ల పిల్లల వ్యాన్‌కి ఎవరూ చేయెత్తరు. ఎక్స్‌రే సర్టిఫికేషన్ పరీక్ష రాయాలంటే 2015 నుంచి కనీసం అసోసియేట్ డిగ్రీ ఉండాలి. దగ్గర్లో ఉందని డొక్కు ల్యాబ్‌లో చేరి, అది మధ్యలో మూతపడితే పిల్ల గతేంటి? దూరంగా ఉన్నా గట్టి ప్రోగ్రామే నయం. నా మాట ఇదే.

అరుణ_హెచ్4
గట్టి ప్రోగ్రాం దాకా చేరలేనివాళ్లు మీ పాస్ పర్సంటేజీలో కనబడరు. అందుకే అది గట్టిగా కనిపిస్తుంది.

కొత్త_స్టూడెంట్
మధ్యలో వస్తున్నందుకు సారీ. రెండు కాలేజీల్లో ఆరేసి క్రెడిట్లు తీసుకుంటే పెల్ గ్రాంట్ (ఫెడరల్ ప్రభుత్వం చదువుకిచ్చే సాయం) ఏ కాలేజీ ఇస్తుంది?

లెక్కల_మాష్టారు
డిగ్రీ ఇచ్చే కాలేజీయే. ఒకే సమయంలో రెండుచోట్ల పెల్ తీసుకోకూడదు. రెండు కాలేజీల మధ్య కన్సార్షియం అగ్రిమెంట్ కాగితం ఉంటుంది, దాని మీద సంతకాలు పడితే రెండుచోట్ల క్రెడిట్లూ కలిపి 12 అని ఫుల్‌టైమ్‌గా లెక్కేస్తారు. ఆ కాగితం సెమిస్టర్ మొదలవకముందే ఇవ్వు బాబూ. ఆలస్యమైతే గ్రాంట్ వచ్చేలోపు ఫీజు గడువు దాటిపోతుంది.

అరుణ_హెచ్4
చూశారా, ఆ కాగితం పట్టుకుని తిరగాల్సింది కూడా విద్యార్థే.

ఇలినాయ్_నాన్న
బోర్డు మీటింగ్‌లో మాట్లాడటానికి పేరు ఇచ్చాను. మూడు నిమిషాలే ఇస్తారట. ఏం అడగమంటారు?

లెక్కల_మాష్టారు
మూడు కాలేజీలకీ కలిపి క్లినికల్ సీట్లు ఎన్ని, ఆసుపత్రులతో ఒప్పందం ఎన్నేళ్లకి? ఇవి అడగండి. వ్యాన్ అంటే "పరిశీలిస్తాం" అని కూర్చోబెడతారు.

అరుణ_హెచ్4
కూర్చోబెట్టినా సరే, ముందు వ్యాన్ సంగతే అడగండి. సీట్ల సంగతి వాళ్లే చెబుతారు.

క్యాలెండర్_రావు
స్ప్రింగ్ బ్రేక్ కూడా.