ఆర్మీ తర్వాత టీచర్‌నయ్యాను, పుస్తకం రాశాను: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

మాజీ సైనికుడు:
ఆర్మీ నుంచి బయటికొచ్చాక టీచర్‌నయ్యాను, ఇన్నేళ్లూ లెక్కలే చెప్పాను. ఇప్పుడు చదువు గురించి నా అనుభవాలు పుస్తకంగా వేద్దామని చిత్తు ప్రతి పూర్తి చేశా. ఒక మిత్రుడు సైన్యం భాగం పెంచమంటాడు, జనం దానికోసమే కొంటారట. ఇంకొకాయన అదంతా తీసేసి నేరుగా క్లాసుతో మొదలుపెట్టమంటాడు. నా అసలు టెన్షన్ వేరే. నేను చదువు చెప్పిన పిల్లలు అందులో ఉన్నారు, కొందరి ఇంటి సంగతులు కూడా వచ్చేశాయి. పేర్లు మారిస్తే చాలంటారా?

చివరి బెంచీ:
ఇద్దరి మాటా పక్కన పెట్టండి సార్. సైన్యం సంగతి క్లాసులో పనికొచ్చిన చోట రానివ్వండి, లేకపోతే వద్దు. ఉదాహరణకి అమెరికా సైన్యం 1970ల్లో మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది, విన్యాసాలు అయ్యాక అందరూ కూర్చుని ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకలా జరిగింది, ఈసారి ఏం చేద్దాం అని మాట్లాడుకుంటారు, అక్కడ అధికారి తప్పు కూడా కింది సైనికుడు చెప్పొచ్చు. పరీక్ష పేపర్లు ఇచ్చేసిన రోజు క్లాసులో అలాంటిది మీరు చేసి ఉంటే అది రాయండి, పిల్లలు మీ తప్పేంటో చెప్పారా లేదా అన్నది కూడా. "క్రమశిక్షణ ముఖ్యం" అని పది పేజీలుంటే మాత్రం ఎవరూ చదవరు, నేనైతే చదవను.

ప్రూఫులు దిద్దేవాణ్ణి:
పేర్లు మారిస్తే చాలదు. బ్రైత్‌వైట్ సంగతి చూడండి, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసిన గయానా మనిషి. ఫిజిక్స్ చదివినా నల్లవాడని ఇంజనీర్ ఉద్యోగం ఇవ్వక, తూర్పు లండన్‌లో టీచర్ అయ్యాడు. ఆ అనుభవాలతో 1959లో వచ్చిన తన పుస్తకం "టు సర్, విత్ లవ్"లో స్కూలు పేరూ హెడ్‌మాస్టర్ పేరూ మార్చేశాడు. అయినా అది ఏ స్కూలో, ఆ హెడ్‌మాస్టర్ ఎవరో తర్వాత అందరికీ తెలిసిపోయింది. మీకు పుస్తకంపై మీ పేరే ఉంటుంది, పనిచేసిన స్కూలు ఊళ్లో అందరికీ తెలుసు, ఇక "రాజు" అని రాస్తే మాత్రం ఆ అబ్బాయి దొరకడా? ఇంటి సంగతులున్న చోట వయసు, తరగతి, తండ్రి పని కూడా మార్చండి. ఇప్పుడు పెద్దవాళ్లైపోయిన వాళ్లకైతే ఆ పేజీలు చూపించి అడగండి. వద్దంటే తీసేయడమే.

గళ్ల నోటుబుక్కు:
దెబ్బల గురించి రాశారా? విట్గెన్‌స్టైన్ అనే తత్వవేత్త మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చి ఆస్ట్రియా పల్లెల్లో 1920 నుంచి 1926 వరకు బడిపంతులుగా చేశాడు. పిల్లల్ని గట్టిగా కొట్టేవాడు, తను కొట్టడంతో ఒక అబ్బాయి స్పృహ తప్పి పడిపోయాక ఉద్యోగం మానేశాడు. దాదాపు పదేళ్ల తర్వాత అదే పల్లెకి వెళ్లి కొందరు పాత విద్యార్థుల్ని క్షమాపణ అడిగాడు. సైన్యం నుంచి వచ్చిన టీచర్ పుస్తకంలో పాఠకుడు ముందు వెతికేది ఇదే సార్, మీరు ఎంత కోపిష్టి అన్నది.

మాజీ సైనికుడు:
రాయలేదండీ. అసలు ఆ అధ్యాయమే లేదు, ఇప్పుడు రాయాలి. ఒక అమ్మాయి తండ్రి తాగుడు గురించిన పేజీలు మాత్రం తీసేస్తున్నా, తనని అడిగే ధైర్యం నాకు లేదు.

ప్రూఫులు దిద్దేవాణ్ణి:
మంచిది. ఇంకొకటి, యూనిట్ ఎక్కడుంది, ఏ ఆపరేషన్ అన్నవి ఉంటే సర్వీసు రూల్స్ ప్రకారం అనుమతి కావాలేమో అచ్చుకి ముందే కనుక్కోండి. ప్రూఫులు మీరొక్కరే చూసుకోవద్దు.